మొదట తిప్పినవాళ్ళకి చన్నీళ్ళు

బొంగరానికి ఆ రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. నిలవకపోవడం ఆమెకు కొత్త కాదు. ఇంట్లోవాళ్ళు చిన్నప్పుడు ఆ పేరు ఊరికే పెట్టలేదు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, కిటికీ దాకా పోయొచ్చి, మళ్ళీ రెండు ముద్దలు తినే పిల్ల. పెద్దయి ఉద్యోగంలో చేరాక కూడా ఫోనులో మాట్లాడుతూ గదిని ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచేస్తూనే ఉంటుంది. కానీ ఆ రోజు తిరుగుడు వేరు. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి, ఉత్త చేతులతో బయటికొచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని ఆ తువ్వాలు కోసమే ఇల్లంతా వెతికింది.

వాళ్ళమ్మ చూసి చూసి, "కాసేపు ఒక దగ్గర కూచోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

"మధ్యాహ్నం విచారణమ్మా."

"విచారణ దానికి కదా. నీకెందుకు కంగారు? నువ్వు రాసిచ్చేశావు, నీ పని అయిపోయింది."

అమ్మ దెప్పలేదు, మామూలుగానే అంది. అందుకే ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

అమ్మ 'దానికి' అన్నది చిన్నకూతుర్ని. చిన్నకూతురి పేరు ఇంట్లో నిదానం. అక్కాచెల్లెళ్ళిద్దరికీ అంబులెన్సులు పంపే కంట్రోల్ రూములోనే ఉద్యోగం. నిదానం కింది అంతస్తులో ఫోను దగ్గర కూర్చుంటుంది. ఎవరో ఫోను చేసి 'మా ఇంట్లో మనిషి పడిపోయాడండీ' అంటే, చిరునామా కనుక్కుని, కంప్యూటరు తెర మీద 'దగ్గర్లో ఉన్న బండి' అన్న మీట నొక్కి, తెర చూపించిన బండిని పంపుతుంది. బొంగరం పై అంతస్తులో ఉంటుంది. ఆ తెర వెనకాల ఉండే డేటా టేబుళ్ళని, అంటే సమాచారం వరసలుగా దాచిపెట్టే పట్టికల్ని, చూసుకోవడం ఆమె పని. వాళ్ళమ్మ గొప్పగా 'మా పెద్దది ఆఫీసులో టేబుళ్ళు చూసుకుంటుంది' అని చెబితే, పక్కింటావిడ 'అయితే మా హాల్లోకి ఒక గట్టి చెక్కది చెప్పించరాదూ' అని చాన్నాళ్ళు వెంటపడింది.

ఆ టేబుల్ చెక్కది కాదు కానీ, బరువు మాత్రం తక్కువది కాదు. రోడ్ల మీద తిరిగే ప్రతి అంబులెన్సూ కొన్ని క్షణాలకొకసారి 'నేనిక్కడున్నాను' అని కబురు పంపుతుంది. కబురుకొక వరస. అలా ఏళ్ళ తరబడి, రాత్రనక పగలనక వరస కింద వరస చేరుతూనే ఉంది. అందులోంచి ఒక్కటంటే ఒక్కటి తీసింది లేదు, తీయనిచ్చిందీ లేదు. సూపరింటెండెంటు గారికి గ్రాఫులంటే పిచ్చి. మొదలుపెట్టిన రోజు నుంచి నిన్నటి దాకా బండ్లు ఎంత తిరిగాయో రంగురంగుల గీతల్లో చూసుకోకపోతే ఆయనకి పొద్దు గడవదు. ఒకసారి బొంగరం పాత వరసలు పక్కన పెడదామని నసిగితే, ఆస్తి పంపకాలు అడిగినట్టు చూశాడు. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పోయిన వారం ఒక పొద్దున, డ్యూటీలు మారే వేళకి, ఒకావిడ ఫోను చేసింది. ఆవిడ భర్త దర్జీ. కుట్టుమిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు, మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. నిదానం అప్పుడే కుర్చీలో కూర్చుంది. చిరునామా తీసుకుని మీట నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. ఫోనులో ఆవిడ ఏడుస్తోంది, అరుస్తోంది, తిడుతోంది. ఇక ఆగలేక నిదానం తనకి గుర్తున్న బండికి కబురు చేసింది. ఆ బండి రైలు గేటుకి అవతల ఉంది, సరిగ్గా అప్పుడే గేటు పడింది. దర్జీ ఇంటికి పక్క వీధిలో, మార్కెట్ వెనకాల, ఇంకో బండి ఖాళీగా ఉంది. దాని డ్రైవరు అద్దాలు తుడుచుకుంటున్నాడు.

దర్జీ బతికాడు. కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. ఇంకాస్త ముందు తెచ్చుంటే నిలిచేదేమో అని డాక్టరు అన్నాడట.

దర్జీ భార్య ఫిర్యాదు రాసిచ్చింది. ఆలస్యం చేసింది, చేసి చేసి తప్పు బండిని పంపింది అని. 'స్క్రీను ఆగిపోయింది సార్' అని నిదానం చెప్పుకుంది. ఫోను ఎప్పుడొచ్చిందో, బండికి కబురు ఎప్పుడు వెళ్ళిందో కంప్యూటరు రాసుకుంటుంది కానీ, మధ్యలో తెర ఎంతసేపు మొరాయించిందో రాసుకునే ఏర్పాటు లేదు. అందుకని సూపరింటెండెంటు బొంగరాన్ని పిలిచి, సిస్టం చూసి రాసివ్వమన్నాడు. తప్పు నిదానానిదే అని తేలితే ఉద్యోగం పోతుంది. పోవడంతో ఆగదు, ఆ పనిలో ఆమెకి ఇంకెక్కడా ఎవరూ ఫోను ముందు కుర్చీ ఇవ్వరు. ఆమెకేమో ఆ పని తప్ప మరో పని మీద మనసు లేదు.

బొంగరం ఆ రోజే కిందికి దిగి, చెల్లెలి కుర్చీలోనే కూర్చుని, అదే చిరునామా కొట్టి, మీట నొక్కింది. రెప్పపాటులో తెర తెరుచుకుంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ రెప్పపాటే. వేలు నొప్పి పుట్టేదాకా నొక్కి పైకెళ్ళి 'సిస్టములో ఎలాంటి లోపమూ లేదు' అని రాసింది. అక్కడితో ఊరుకుంటే పోయేది. వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళని ఆఫీసులో అందరికీ తెలుసు. చెల్లెల్ని వెనకేసుకొచ్చిందని రేపు ఒక్కరూ అనకూడదు. అందుకని కింద ఇంకో వాక్యం తగిలించింది: 'ఆలస్యం వాడినవారి వైపు నుంచే జరిగి ఉండాలి.' ఆ వాక్యం ఎవరూ అడగలేదు.

నిజం చెప్పాలంటే రాసేటప్పుడు ఆమె పెద్దగా తటపటాయించలేదు కూడా. నిదానం అంటే నిదానమే. బడికి వెళ్ళేటప్పుడు ఒక్క జడ వేసుకునేసరికి అక్క రెండు జడలూ వేసుకుని చెప్పులు తొడుక్కుని గుమ్మంలో గెంతుతుండేది. ఏదైనా మాట అడిగితే ఆలోచించి చెబుతుంది. అలాంటి పిల్ల, ఆ ఏడుపుల మధ్య కాస్త తడబడే ఉంటుంది, పాపం. అక్క అనుకున్నది అదీ.

కాగితం సంగతి తెలిశాక నిదానం మెట్ల దగ్గర ఎదురొచ్చి, "నేను అబద్ధం చెప్తున్నానంటావా అక్కా?" అని అడిగింది.

"అబద్ధమని కాదే. కంగారులో నీకలా అనిపించి ఉంటుంది."

"మూడు నెలలుగా చెప్తున్నాను. పొద్దున్నే స్క్రీను పట్టేస్తోందని."

"చెప్పినప్పుడల్లా వచ్చి చూశాను కదే. నేను నొక్కితే వస్తోంది, ఏం చెయ్యను?"

అంతే. ఆనాటి నుంచి నిదానం అక్కతో మాట మానేసింది. ఇద్దరూ ఎదురెదురుగా అన్నం తింటూ, 'అమ్మా, అక్కని ఉప్పు ఇటు జరపమను' అనే దాకా వచ్చింది. అమ్మ ఇద్దరి మధ్యా టపా మోసి మోసి విసిగిపోయింది.

విచారణ రోజు పొద్దున్న బొంగరం చివరికి దొరికిన తువ్వాలుతో స్నానానికి వెళ్ళింది. ఆ ఇంట్లో నీళ్ళు కాచే గీజరు పైన మిద్దె మీద ఉంది, అక్కడి నుంచి గొట్టం ఇల్లు చుట్టి స్నానాల గదిలోకి వస్తుంది. నిదానానిది తెల్లవారే డ్యూటీ కాబట్టి రోజూ మొదటి స్నానం ఆమెదే. రోజూ వణుకుతూ బయటికొచ్చి 'ఈ నీళ్ళు వేడెక్కేసరికి నా డ్యూటీ టైమైపోతోంది' అని సణుగుతుంది. తర్వాత బొంగరం వెళ్ళి పంపు తిప్పితే పొగలు కక్కుతూ వస్తాయి. 'నాకు వెంటనే వస్తాయే, నువ్వు పంపు తిప్పడం కూడా నిదానమేనా?' అని లోపల్నుంచే అరిచేది. ఆ వెక్కిరింత ఏళ్ళ నాటిది, పాతబడినా ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు.

ఆ రోజు నిదానం లేవలేదు. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. గోడ వైపు తిరిగి, దుప్పటి తల దాకా లాక్కుని పడుకుంది. బొంగరమే మొదట వెళ్ళి, ఎప్పటిలాగే చూసుకోకుండా పంపు తిప్పి దాని కింద తల పెట్టింది.

నీళ్ళు చల్లగా నెత్తిన పడ్డాయి. ఊపిరి ఆగినంత పనైంది. పక్కకి గెంతి, చెయ్యి పెట్టి చూస్తూ నిలబడింది. చన్నీళ్ళే వస్తున్నాయి, ఇంకా చన్నీళ్ళే. రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళు పోతే తప్ప వేడినీళ్ళు రావు కదా. అవి పోయేదాకా మొదట తిప్పినవాళ్ళు వణకాల్సిందే, తర్వాత వచ్చినవాళ్ళకి తిప్పగానే వేడినీళ్ళు.

'ఇన్నేళ్ళూ నేను తర్వాత వచ్చినదాన్ని' అనుకుంది బొంగరం. అనుకున్న మరుక్షణం ఆ మాట ఆమెకే ఇంకోలా వినిపించింది. నీళ్ళ గురించి కాదు.

కంప్యూటరు కూడా అంతే. టేబుల్లో ఉన్నదంతా డిస్కులో, లోపలెక్కడో పడి ఉంటుంది. ఎవరైనా అడిగితే వెతికి, తెచ్చి, చేతికందే చోట పెట్టుకుంటుంది. మళ్ళీ ఎవరైనా అదే అడిగితే అక్కణ్ణుంచే తీసిస్తుంది. మొదట అడిగినవాళ్ళకి ఆలస్యం, తర్వాత అడిగినవాళ్ళకి రెప్పపాటు. ఈ సంగతి బొంగరానికి తెలియదా అంటే, ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి తనే నేర్పింది. నేర్పిన మనిషే, చెల్లెలు పిలిచిన ప్రతిసారీ చెల్లెలు నొక్కాక వెళ్ళి నొక్కింది. మొన్న కూడా అంతే. ఆమె దిగి వెళ్ళేసరికే నిదానం ఏడుస్తూ ఎన్నిసార్లు నొక్కిందో, పక్క కుర్చీలవాళ్ళు ఎన్నిసార్లు నొక్కారో. కాగిన నీళ్ళలో చెయ్యి పెట్టి, కాగే ఉన్నాయని రాసిచ్చి వచ్చింది.

సబ్బు రాసుకోకుండానే బయటికొచ్చింది. తడిజుట్టుతో, చేతికందిన బట్టలు కట్టుకుని వెళ్ళిపోతుంటే, "తినేసి వెళ్ళవే" అని అమ్మ వెనక నుంచి కేక వేసింది. దుప్పటి కింద నుంచి నిదానం తల కూడా తిప్పలేదు.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా బొంగరం కూర్చోలేదు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ నిలబడింది. ఒక్క ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. రాత్రి డ్యూటీవాళ్ళు కూడా అదే మీట నొక్కుతూనే ఉంటారు కదా, మరి తెల్లారేసరికి మళ్ళీ ఎలా చల్లారుతోంది? చేతికందే చోట పెట్టుకున్నదాన్ని ఎవరో ఊడ్చేస్తూ ఉండాలి.

ఆఫీసుకి చేరి, ఏ పని ఏ వేళకి నడవాలో పెట్టుకున్న పట్టీ తీసి చూసింది. ఊడ్చేసేదెవరో అక్కడే దొరికింది. సూపరింటెండెంటు గారి గ్రాఫులే. ఆ రిపోర్టు టేబుల్ని మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదువుతుంది. చదువుతూ చదువుతూ మిగతావన్నీ బయటికి నెట్టేస్తుంది. ఇదివరకు సాయంత్రం నడిచేది. 'తాజాగా ఉండాలమ్మా, నేనొచ్చేసరికి బల్ల మీదుండాలి' అని ఆయనంటే, తెల్లవారుజాముకి మార్చింది తనే. మార్చి మూడు నెలలైంది. అది పూర్తయ్యే వేళా, నిదానం వచ్చి కుర్చీలో కూర్చునే వేళా ఒకటే.

పరీక్షల కోసం వాళ్ళ దగ్గర అదే టేబుల్‌కి నకలున్న ఇంకో కంప్యూటరుంది. చేతికందే చోట పాతదేదీ మిగలకుండా బొంగరం దాన్ని పూర్తిగా ఆపి మళ్ళీ పెట్టింది. రిపోర్టు నడిపింది. అది అయిపోగానే దర్జీ ఇంటి చిరునామా కొట్టి మీట నొక్కింది.

చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆమె కూర్చోలేక లేచింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది, తిరుగుతోంది. మంచినీళ్ళు తాగి వచ్చింది, తిరుగుతోంది. నిదానం ఇంతసేపూ ఫోను చెవికి పెట్టుకుని కూర్చుని ఉంటుంది. లేచి కిటికీ దాకా వెళ్ళే వీలు దానికి లేదు. తెర తెరుచుకునేసరికి బొంగరానికి ఏడుపు ముంచుకొచ్చింది. కానీ అది ఏడుస్తూ కూర్చునే సమయం కాదు. తప్పు ఎక్కడుందో చూపిస్తే చాలదు, బాగుచేసే దారి కూడా చేతిలో ఉండాలి. లేకపోతే సూపరింటెండెంటు 'చూద్దాం' అంటాడు, ఆయన 'చూద్దాం' అన్న పనులు బీరువా నిండా ఉన్నాయి.

ఇప్పుడు బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి ఏళ్ళనాటి వరసలు ఎందుకు తవ్వాలి? కావలసింది బండి ఆఖరి కబురొక్కటే. బండికొక్క వరస పెట్టి, కొత్త కబురు రాగానే పాతది చెరిపి అందులోనే రాస్తే, ఆ చిన్న టేబుల్ ఎప్పుడూ చేతికందే చోటే ఉంటుంది. పెద్ద టేబుల్ని నెలకొక ముక్కగా విడగొట్టి, గ్రాఫుల రిపోర్టుని నకలు మీదికి తోసేస్తే, ఆయన గీతలు ఆయనకుంటాయి. బొంగరం నిలబడే రాసింది, నిలబడే సరిచూసింది. కంప్యూటరుని మళ్ళీ ఆపి, మళ్ళీ పెట్టి, రిపోర్టు నడిపి, మొదటిసారి నొక్కింది. తెరుచుకుంది. నమ్మకం కలగక అంతా మొదటి నుంచీ మళ్ళీ చేసి, మళ్ళీ మొదటిసారి నొక్కింది. తెరుచుకుంది. భోజనాల వేళ ఇంకా కాలేదు. ఇంత చిన్న పనిని ఇన్నేళ్ళూ చెయ్యలేదంటే, చెయ్యమని ఎవరూ అడగలేదు కాబట్టి చెయ్యలేదు. అడిగిన ఒక్క మనిషినీ తను నమ్మలేదు.

సూపరింటెండెంటు అంతా విన్నాడు. గ్రాఫుల మాట వచ్చినప్పుడు ముఖం మాడ్చుకున్నాడు. చెడ్డవాడు కాదు, కానీ రాసిచ్చిన కాగితం మీద ఇంకో కాగితం వస్తే ఆయనకి జ్వరం వస్తుంది.

"చూడమ్మా, లోపం లేదని నువ్వే రాసిచ్చావు. ఇవాళ మాట మారిస్తే చెల్లెలి కోసం మార్చావంటారు."

"అననీండి సార్."

"మెమో నీకొస్తుంది."

"రానీండి."

"నీ మాట ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు చివరికి, కాస్త జాలిగానే.

"నా మాట నమ్మొద్దు సార్. విచారణలో మీరే నొక్కండి. నా చెయ్యి వద్దు, మా చెల్లెలి చెయ్యీ వద్దు."

విచారణ కింది అంతస్తులోని పొడుగాటి గదిలో జరిగింది. జరిపేది సూపరింటెండెంటే. దర్జీ భార్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆవిడ కళ్ళు నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి. బల్ల అవతలి చివర నిదానం, తల వంచుకుని. అక్క గదిలోకి రావడం చూసి తల ఇంకాస్త వంచుకుంది.

బొంగరం చెప్పింది. చుట్టూ తిప్పకుండా, మొదటి వాక్యంలోనే 'నేను రాసిచ్చింది తప్పు' అని చెప్పింది. పొద్దున చేసిన మార్పు తీసేసి పాత పద్ధతికే తెచ్చిన నకలు కంప్యూటరుని అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టి, అందరూ చూస్తుండగానే దాన్ని ఆపి, మళ్ళీ పెట్టి, రిపోర్టు నడిపి, "నొక్కండి సార్" అంది.

ఆయన నొక్కాడు. చక్రం తిరగడం మొదలుపెట్టింది.

మొదట ఎవరికీ ఏమీ అనిపించలేదు. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు. కుర్చీ కిర్రుమంది. పైన ఫ్యాను చప్పుడు అప్పటిదాకా ఎవరికీ వినపడలేదు, ఇప్పుడు వినిపిస్తోంది. ఆయన మీట మీదికి మళ్ళీ వేలు పెట్టబోయి, బొంగరం ముఖం చూసి వెనక్కి తీసుకున్నాడు. దర్జీ భార్య ఆ చక్రం వైపే కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఆ రోజు నేను ఫోను పట్టుకుని ఉన్నంతసేపూ ఇదేనా జరుగుతోంది?" అని అడిగింది ఆవిడ, ఎవర్ని అడగాలో తెలియనట్టు.

"ఇదేనండీ" అంది నిదానం. ఆ గదిలో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"నువ్వు ఫోను పెట్టెయ్యలేదు. 'ఉన్నానమ్మా, లైన్లోనే ఉన్నాను' అంటూనే ఉన్నావు." "నేను నిన్ను నానా మాటలూ అన్నాను."

"పరవాలేదండీ. అందరూ అంటారు."

అప్పుడు తెర తెరుచుకుంది. సూపరింటెండెంటు హమ్మయ్య అనుకుని, అలవాటుకొద్దీ ఇంకోసారి నొక్కాడు. రెప్పపాటులో వచ్చింది. "ఇదిగో, ఎంత బాగా వస్తోందో చూడు" అన్నాడు వెలిగిపోతూ.

"సరిగ్గా నేను చేసిన తప్పు ఇదే సార్" అంది బొంగరం.

ఆయన వెలుగు ఆరిపోయింది. ఆ తర్వాత తేలడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. నిదానం తప్పు లేదని, రేపటి నుంచి డ్యూటీలో చేరవచ్చని ఆయన రాయించాడు. గ్రాఫులు ఇక నకలు మీదే చూసుకుంటానని కూడా రాయించాడు, కాస్త మూతి ముడుచుకునే. బొంగరానికి మెమో రేపొస్తుంది.

అందరూ లేస్తుంటే దర్జీ భార్య మాత్రం బొంగరం దగ్గరికి వచ్చింది. "దీన్ని బాగుచెయ్యడం కష్టమా అమ్మా?"

కష్టమే అంటే సరిపోయేది. ఆవిడకి తెలిసే దారి లేదు. బొంగరం నోటి దాకా వచ్చింది కూడా.

"కష్టం కాదండీ. ఇవాళ పొద్దున్న మొదలుపెట్టాను, భోజనాల వేళకి అయిపోయింది."

"మరి ముందే ఎందుకు చెయ్యలేదు?"

"మా చెల్లెలు మూడు నెలల నుంచి చెబుతూనే ఉందండీ. నేను నమ్మలేదు."

ఆవిడ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఆయన చేతిలో కత్తెర పెడితే జారిపోతోంది" అంది. "ఎడంచేత్తో పట్టుకుంటానంటాడు. అలవాటు కావాలి కదా." అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. బొంగరం ఆవిడ వెనకాలే మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయింది.

సాయంత్రం చిన్న టేబుల్ అసలు కంప్యూటరులోకి ఎక్కింది. బొంగరం ఇంటికి చేరేసరికి అమ్మ, నిదానం అన్నాలకి కూర్చుని ఉన్నారు. ఆమె కూడా కంచం పెట్టుకుంది.

"అక్కా, ఉప్పు ఇటు జరుపు" అంది నిదానం.

అమ్మ ముద్ద నోటి దగ్గరే ఆపి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఏమీ జరగనట్టు కంచంలోకి చూసుకుంటూ కళ్ళు ఒత్తుకుంది.

"నిదానం, నిదానం అని మీరు పిలుస్తుంటే నాకెప్పుడూ కోపం రాలేదే" అంది నిదానం, ఉప్పు కలుపుకుంటూ, తనకి అలవాటైన తీరులో ఒక్కొక్క మాటే. "నువ్వు రాసిన ఆ కింది వాక్యం చదివినప్పుడు వచ్చింది. అందరికీ నేను నిదానమైనా సరే, కనీసం నీకు తెలుసనుకున్నాను."

"తప్పయిపోయిందే" అంది బొంగరం. "ఇంక ఆ పేరుతో పిలవను."

"పిలువు. పేరుదేముంది. నేను చెప్పింది విను, చాలు."

మర్నాడు తెల్లవారకముందే బొంగరం లేచింది. నిదానం తువ్వాలుతో వచ్చేసరికి అక్క స్నానం ముగించుకుని, పళ్ళు టకటకలాడిస్తూ బయటికొస్తోంది. నిదానం ఆమెను ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి పంపు తిప్పింది. కాసేపటికి తలుపు సందులోంచి, "ఎక్కువ చెయ్యకు. రేపట్నుంచి వంతులు. ఒక రోజు నువ్వు, ఒక రోజు నేను" అన్న మాట మాత్రం వినిపించింది.

ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. బొంగరం పై అంతస్తులో ఇంకా లైటు కూడా వెయ్యలేదు, బల్ల మీద ఫోను మోగింది. కింది నుంచి నిదానం.

"కిందికి రా."

"ఏమైంది? మళ్ళీ పట్టేసిందా?" అంటూనే బొంగరం సగం మెట్లు దిగేసింది.

కింది గదిలో రాత్రి డ్యూటీవాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. నిదానం తన కుర్చీలో కూర్చోలేదు, పక్కన నిలబడి ఉంది. తెర మీద చిరునామా కొట్టి ఉంది. మీట అలాగే ఉంది.

"నేనింకా నొక్కలేదు" అంది నిదానం. "డ్యూటీ మారాక ఇక్కడ ఇంకా ఎవరూ నొక్కలేదు. కూచో."

బొంగరం కూర్చుంది. కాలు ఆడించలేదు, అటూ ఇటూ చూడలేదు. వేలు మీట మీద పెట్టి, ఒక్కసారి చెల్లెలి ముఖంలోకి చూసి, నొక్కింది. తెరుచుకుంది. మార్కెట్ వెనకాల ఒక బండి, ఖాళీగా.

రెండోసారి నొక్కలేదు. ఆ తెరను చూస్తూ అలాగే కూర్చుండిపోయింది. ఎంతసేపని చూస్తుంది, చివరికి పక్క నుంచి ఫోను మోగింది. "లే అక్కా, నా కుర్చీ" అని నిదానం ఆమె భుజం తట్టి, ఫోను చెవికి పెట్టుకుని, "చెప్పండమ్మా, ఉన్నాను" అంది.